బర్డ్ ఫ్లూ వైరస్‌కి ఏది మేలు: తనంతట తాను మారడమా, జన్యువులు మార్చుకోవడమా?

బొచ్చు కోసం మింక్‌ అనే చిన్న జంతువుల్ని పెంచే ఫారాల్లోనో, సీల్ జంతువుల్లోనో, పాడి ఆవుల్లోనో బర్డ్ ఫ్లూ బయటపడ్డ ప్రతిసారీ "వైరస్‌లో ప్రమాదకరమైన మ్యుటేషన్" అని వార్త వస్తుంది. ఆ మ్యుటేషన్ చేసే పనేమిటో, దానివల్ల వైరస్ మనకి ఎంత దగ్గరైందో చాలా వార్తల్లో ఉండదు. చదివినవాళ్లకి టెన్షన్ మాత్రం మిగులుతుంది.

పక్షుల ఇన్‌ఫ్లుయెంజా వైరస్ క్షీరదాల్లో నిలదొక్కుకోవడానికి ముఖ్యంగా రెండు దారులున్నాయి. మొదటిది, తన జన్యువుల్లో ఒక్కో అక్షరం మార్చుకుంటూ మెల్లగా అలవాటు పడటం. రెండోది, ఇప్పటికే క్షీరదాల్లో స్థిరపడ్డ ఇంకో ఫ్లూ వైరస్‌ నుంచి తయారుగా ఉన్న జన్యువుల్ని తెచ్చేసుకోవడం. శాస్త్రవేత్తలు ఈ రెండోదాన్ని రీఅసార్ట్‌మెంట్ అంటారు. వైరస్‌కి ఏది మేలు అని అడగడం వింతగా ఉండొచ్చు. కానీ ఏ వార్తకి ఉలిక్కిపడాలో, దేన్ని చదివి పక్కన పెట్టొచ్చో తెలియాలంటే ఈ లెక్క తేలాలి. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. వేగం కావాలంటే రెండో దారే మేలు. అయితే రెండో దారిలో వెళ్లిన వైరస్ కూడా మొదటి దారిలోని కష్టమైన మలుపును తప్పించుకోలేదు.

వైరస్ ముందున్న అడ్డంకులు

ఇన్‌ఫ్లుయెంజా ఎ వైరస్ జన్యుసామగ్రి ఒకే పోగు కాదు, ఎనిమిది విడి ముక్కలు. అన్నీ కలిపినా దాదాపు 13,500 అక్షరాలే. ఇంత చిన్న సరంజామాతో పక్షి నుంచి మనిషి దాకా రావాలంటే దాటాల్సినవి చాలా ఉన్నాయి.

మొదటిది కణానికి అతుక్కోవడం. వైరస్ పైన ముళ్లలా ఉండే హీమాగ్లుటినిన్ అనే ప్రొటీన్ (దీన్ని హెచ్ఏ అందాం) కణం మీదున్న సియాలిక్ ఆమ్లం అనే చక్కెరను పట్టుకుంటుంది. ఆ చక్కెర తన పక్కనున్న చక్కెరతో ఏ రకంగా ముడిపడి ఉందనేది ఇక్కడ కీలకం. పక్షుల పేగుల్లో ఎక్కువగా ఉండేది ఆల్ఫా 2,3 ముడి. మనిషి ముక్కులో, శ్వాసనాళం పైభాగంలో ఎక్కువగా ఉండేది ఆల్ఫా 2,6 ముడి. పక్షి వైరస్ హెచ్ఏ మొదటిదాన్ని గట్టిగా పట్టుకుంటుంది, రెండోదాన్ని అంతగా పట్టించుకోదు. మన ఊపిరితిత్తుల లోతుల్లో మాత్రం ఆల్ఫా 2,3 ఉంది. హెచ్5ఎన్1 అనే బర్డ్ ఫ్లూ రకం అక్కడిదాకా దిగితే న్యుమోనియా తీవ్రంగా ఉంటుంది (ఇలాంటి పేర్లలో హెచ్ పక్క అంకె హెచ్ఏ రకాన్ని, ఎన్ పక్క అంకె వైరస్ పైనుండే ఎన్ఏ అనే ఇంకో ప్రొటీన్ రకాన్ని చెబుతాయి). అదే వైరస్ ముక్కులో, గొంతులో సరిగా పెరగదు కాబట్టి తుమ్ములతో, దగ్గుతో ఇంకొకరికి అంటడం కష్టం. 2003 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థకు అందిన హెచ్5ఎన్1 కేసులు 900 దాటాయి, వారిలో దాదాపు సగం మంది చనిపోయారు. అయినా అది మనిషి నుంచి మనిషికి పాకే జబ్బు కాలేదంటే పెద్ద కారణం ఇదే.

రెండోది లోపలికి వెళ్లాక తన కాపీలు తీసుకోవడం. ఆ పని చేసేది పాలిమరేజ్ అనే యంత్రాంగం. పీబీ2 అనే ప్రొటీన్ అందులో ఒక భాగం. ఆతిథ్య కణంలోని ఏఎన్‌పీ32ఏ అనే ప్రొటీన్ సాయం లేకుండా ఈ పాలిమరేజ్ నడవదు. పక్షుల్లో ఆ ప్రొటీన్‌లో 33 అమైనో ఆమ్లాల అదనపు భాగం ఉంటుంది, క్షీరదాల్లో అది లేదు. పక్షి వైరస్ పాలిమరేజ్ ఆ అదనపు భాగానికి అలవాటు పడిపోయింది. పైగా పక్షి ఒంట్లో వేడి 40 డిగ్రీల పైమాటే. మన ముక్కులో 33 డిగ్రీల దగ్గర ఉంటుంది, ఆ చల్లదనంలో పక్షి పాలిమరేజ్ మందగిస్తుంది.

మూడోది హెచ్ఏ గట్టిదనం. కణం లోపలి సంచిలో ఆమ్లత్వం పెరిగినప్పుడు హెచ్ఏ ఆకారం మార్చుకుని వైరస్‌ని కణంతో కలిపేస్తుంది. పక్షి వైరస్‌ల హెచ్ఏ కాస్త ఆమ్లం తగిలితేనే విచ్చుకుంటుంది. గాలిలో తుంపరగా ప్రయాణించే వైరస్‌కి అది చేటు, ఎందుకంటే చేరాల్సిన చోటికి చేరకముందే విచ్చుకుంటే ఆ వైరస్ ఇక పనికిరాదు. మనుషుల్లో స్థిరపడ్డ ఫ్లూ వైరస్‌ల హెచ్ఏ ఇంతకంటే గట్టిది.

ఇవి కాక మన కణాల సొంత కాపలా ఉంది. ఎమ్ఎక్స్ఏ అనే ప్రొటీన్ గురించి చాలాకాలంగా తెలుసు. బీటీఎన్3ఏ3 అనేది కూడా పక్షి ఫ్లూని అడ్డుకుంటుందని 2023లో తేలింది. ఈ రెండింటినీ తప్పించుకోవడానికి వైరస్ ముఖ్యంగా తన ఎన్‌పీ అనే ప్రొటీన్‌ని మార్చుకోవాలి.

మొదటి దారి: ఒక్కో అక్షరం

పీబీ2లో 627వ స్థానాన్ని దగ్గర్నుంచి చూద్దాం. పక్షి వైరస్‌లో అక్కడ గ్లుటామిక్ ఆమ్లం ఉంటుంది, దాని సంకేతం జీఏజీ అనే మూడు జన్యు అక్షరాలు. మొదటి జీ స్థానంలో ఏ వస్తే సంకేతం ఏఏజీ అవుతుంది, అమైనో ఆమ్లం లైసిన్ అవుతుంది. మారింది ఒక్క అక్షరం. దాంతో పాలిమరేజ్ క్షీరదాల ఏఎన్‌పీ32ఏతోనే పని కానిస్తుంది, 33 డిగ్రీల్లోనూ చురుగ్గా నడుస్తుంది. ఫ్లూ పాలిమరేజ్‌కి తప్పులు దిద్దుకునే అలవాటు లేదు. కాపీ తీసేటప్పుడు పది వేల నుంచి లక్ష అక్షరాలకి ఒకటి చొప్పున తప్పు పోతుంది. ఒక్క జంతువు ఒంట్లో పుట్టే కోట్ల కాపీల్లో ఈ ఒక్క అక్షరం ఎక్కడో ఒకచోట మారే ఉంటుంది. క్షీరదంలో ఆ కాపీకి మిగతావాటికంటే పెరుగుదల బాగుంటుంది కాబట్టి రోజుల్లోనే అది ముందుకొస్తుంది.

అందుకే ఇది తరచూ కనిపిస్తుంది. 2003లో నెదర్లాండ్స్‌లో హెచ్7ఎన్7 వ్యాపించినప్పుడు 89 మందికి సోకింది, చనిపోయిన ఒకే ఒక్క వ్యక్తి పశువైద్యుడు. ఆయన నుంచి తీసిన వైరస్‌లో 627 మారి ఉంది. 2023లో పోలండ్‌లో పిల్లులు చనిపోయినప్పుడూ అదే, 2024లో అమెరికాలోని టెక్సస్‌లో పాడి ఆవుల దగ్గర పనిచేసి కంటి కలక తెచ్చుకున్న వ్యక్తి వైరస్‌లోనూ అదే.

పైగా ఈ అడ్డంకికి పరిష్కారం ఒక్కటే కాదు. 2022 అక్టోబరులో స్పెయిన్‌లో 50 వేలకు పైగా మింక్‌లున్న ఫారంలో దొరికిన వైరస్ 271వ స్థానాన్ని మార్చుకుంది. 2023లో అర్జెంటీనాలోని వాల్దెస్ ద్వీపకల్పంలో 17 వేలకు పైగా ఎలిఫెంట్ సీల్ పిల్లల్ని బలిగొన్న వైరస్‌లో 591, 701 స్థానాలు మారాయి. అమెరికా ఆవుల్లో మొదట వ్యాపించిన రకం 631ని మార్చుకుంది, తర్వాత నెవాడా ఆవుల్లోకి వచ్చిన ఇంకో రకం 701ని మార్చుకుంది. ఆతిథేయి మారితే మరమ్మతు చోటు మారుతోంది గానీ పని ఒకటే. ఇంకో తమాషా ఏమిటంటే, ఉష్ట్రపక్షిలో ఆ 33 అమైనో ఆమ్లాల భాగం లేదు. అందుకే ఉష్ట్రపక్షుల నుంచి తీసిన వైరస్‌లలోనూ క్షీరదాల తరహా పీబీ2 మార్పులు కనిపించాయి. కాబట్టి ఈ మార్పుని చూడగానే "మనిషి కోసం సిద్ధమైపోతోంది" అనుకోవడం తొందరపాటే.

మరి ఈ దారిలో చిక్కు ఎక్కడ? హెచ్ఏ దగ్గర. పీబీ2లో ఒక్క మార్పు వచ్చినా వెంటనే లాభం. హెచ్ఏలో అలా కాదు. ఆల్ఫా 2,6 వైపు మళ్లడానికి హెచ్2, హెచ్3 రకాల్లో 226, 228 అనే రెండు స్థానాలూ మారాయి. హెచ్1 రకంలో 190, 225 మారాయి. సగం మారిన హెచ్ఏ పాత చక్కెరను గట్టిగా పట్టుకోలేదు, కొత్తదాన్ని ఇంకా పట్టుకోలేదు. కొన్ని మార్పులతో హెచ్ఏ గట్టిదనం కూడా తగ్గుతుంది, దాన్ని సరిదిద్దడానికి మళ్లీ ఇంకో మార్పు రావాలి. ఇదంతా ఒకే రోగి ఒంట్లో పూర్తికాదు, ఒకరి నుంచి ఒకరికి పాకుతూ పేరుకోవాలి. పాకాలంటే హెచ్ఏ మారాలి, హెచ్ఏ మారాలంటే పాకాలి. పక్షి నుంచి నేరుగా మనిషికి సోకిన వైరస్ చాలాసార్లు ఆ మనిషి దగ్గరే ఆగిపోవడానికి కారణం ఈ పీటముడే.

అలాగని ఈ దారి మూసుకుపోలేదు. 1979లో యూరప్‌లో పక్షుల హెచ్1ఎన్1 ఎనిమిది ముక్కలతోనూ పందుల్లోకి దిగి, ఎవరి దగ్గరా ఏమీ తీసుకోకుండానే అక్కడ స్థిరపడిపోయింది. ఆసియాలో పక్షుల హెచ్3ఎన్2 కుక్కల వైరస్‌గా మారింది కూడా ఇలాగే. విఫలమైన ప్రయత్నాలూ ఉన్నాయి. 1979-80లో అమెరికా న్యూ ఇంగ్లండ్ తీరంలో హెచ్7ఎన్7 నాలుగు వందలకు పైగా సీల్‌లను చంపి సద్దుమణిగింది. 1989లో ఈశాన్య చైనాలో గుర్రాలకు సోకిన పక్షి తరహా హెచ్3ఎన్8 మొదటి విడత చాలా గుర్రాలను చంపింది, కొన్నేళ్లకి కనుమరుగైంది.

రెండో దారి: తయారుగా ఉన్నది తెచ్చుకోవడం

ఒకే కణంలోకి రెండు వేర్వేరు ఫ్లూ వైరస్‌లు దూరితే, కొత్తగా పుట్టే వైరస్ కణాల్లో ఇద్దరి ముక్కలూ కలగలిసిపోతాయి. ఎనిమిది ముక్కలు, రెండు వైరస్‌లు, అంటే కాగితం మీద 256 కలయికలు. నిజంగా నిలిచేవి కొన్నే. వేర్వేరు చోట్ల నుంచి వచ్చిన పాలిమరేజ్ భాగాలు ఒకదానితో ఒకటి సర్దుకోవాలి, ఎనిమిది ముక్కలూ ఒకే రేణువులోకి సరిగా చేరాలి. పుట్టిన కలయికల్లో చాలావరకు అవిటివే.

అయినా చరిత్ర ఈ దారికే ఓటేసింది. 1957 మహమ్మారి వైరస్ హెచ్2ఎన్2 తన హెచ్ఏ, ఎన్ఏ, పీబీ1 (పాలిమరేజ్‌లో ఇంకో భాగం) ముక్కల్ని పక్షి వైరస్ నుంచి తెచ్చుకుంది. మిగతా ఐదూ అప్పటికే మనుషుల్లో తిరుగుతున్న వైరస్‌వి. 1968 హెచ్3ఎన్2 పక్షి నుంచి తెచ్చుకున్నవి రెండే, హెచ్ఏ, పీబీ1. 2009 మహమ్మారి (స్వైన్ ఫ్లూ) వైరస్ పందుల్లో రెండు వంశాలు కలవగా పుట్టింది, ఆ రెండింటిలో ఒకటి అంతకుముందే పక్షి, మనిషి, పంది ముక్కల కలగూరగంప. 1957, 1968 వైరస్‌లనే చూడండి, చాలామంది శరీరాలు ఎప్పుడూ చూడని హెచ్ఏ, దాని వెనక మన కణాల్లో ఏళ్ల తరబడి రాటుదేలిన పీబీ2, ఎన్‌పీ. మహమ్మారికి ఇంతకంటే మంచి పొత్తు ఉండదు. 627 దగ్గర లైసిన్, ఎమ్ఎక్స్ఏని తప్పించుకునే ఎన్‌పీ, అన్నీ ఒక్క దెబ్బతో వచ్చేస్తాయి.

ఈ కథలో చాలామంది దాటేసే విషయం ఒకటుంది. 1957లోనూ 1968లోనూ పక్షి నుంచి వచ్చిన హెచ్ఏ వచ్చింది వచ్చినట్టే పనికిరాలేదు. రెండుసార్లూ 226, 228 స్థానాలు మారాకే అది మనిషికి సరిపోయింది. 1957 నాటి తొలి నమూనాల్లో కొన్నింటిలో ఇంకా పక్షి తరహా అమైనో ఆమ్లాలే ఉన్నాయి, కొద్దికాలంలోనే మారిన రూపం వాటిని తోసేసింది. సామాన్లన్నీ అమర్చిన ఇల్లు అద్దెకు దొరికినట్టే గానీ, వీధి తలుపు తాళంచెవి మాత్రం తానే చేయించుకోవాలి.

రెండు ల్యాబ్‌లు, పక్కపక్కన

ఈ రెండు దారులనూ 2012లో రెండు ప్రయోగాలు విడివిడిగా నడిచి చూపించాయి. రెండూ హెచ్5ఎన్1 మీదే, రెండింట్లోనూ ఫెర్రెట్ అనే జంతువులే. ఫ్లూ విషయంలో ఫెర్రెట్ శ్వాసనాళం మనిషికి చాలా దగ్గరగా ఉంటుంది. అప్పట్లో వీటిని ప్రచురించాలా వద్దా అని పెద్ద రభసే జరిగింది, ఫ్లూ పరిశోధకులు తమంతట తామే ఇలాంటి పనిని ఏడాది పాటు ఆపేశారు. ఆ వాదన సంగతి ఎలా ఉన్నా, మన పోలికకి ఇంతకంటే మంచి ఆధారం లేదు.

నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్‌లో రాన్ ఫూషే బృందం మొదటి దారి పట్టింది. ఇండోనేషియాలో దొరికిన హెచ్5ఎన్1లో మూడు మార్పులు చేత్తో చేశారు, పీబీ2లో 627, హెచ్ఏలో 226, 228. ఆ తర్వాత ఒక ఫెర్రెట్ నుంచి తీసి ఇంకోదానికి ఎక్కిస్తూ పదిసార్లు నడిపారు. చివరికి వైరస్ గాలి ద్వారా పాకింది. పాకిన వైరస్‌లన్నిటిలోనూ ఉన్న ఉమ్మడి మార్పులు ఐదు, నాలుగు హెచ్ఏలో, ఒకటి పీబీ2లో.

అమెరికాలోని విస్కాన్సిన్‌లో యోషిహిరో కవావొకా బృందం రెండో దారి పట్టింది. హెచ్5 హెచ్ఏని తీసుకుని మిగతా ఏడు ముక్కల్నీ 2009 మహమ్మారి వైరస్ నుంచి అమర్చింది. అంటే హెచ్ఏ తప్ప మిగతాదంతా క్షీరదాలకు ముందే అలవాటైన సరుకు. అయినా గాలి ద్వారా పాకడానికి హెచ్ఏలో నాలుగు మార్పులు కావాల్సొచ్చాయి.

ఇక్కడ నాలుగు, అక్కడా నాలుగు. అంతేకాదు, ఆ నాలుగూ ఏం చేశాయో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. రెండింట్లోనూ 226 మారింది. రెండింట్లోనూ దాని దగ్గర్లోని ఇంకో స్థానం కూడా కొత్త చక్కెర వైపు మళ్లించింది, అక్కడ 228, ఇక్కడ 224. రోటర్‌డామ్‌లో 160, విస్కాన్సిన్‌లో 158 మారాయి. స్థానాలు వేరైనా రెండూ హెచ్ఏ తల మీద ఒకే చోట అంటుకునే చక్కెర గొలుసునే తీసేశాయి. ఒకదాంట్లో 110, ఇంకోదాంట్లో 318 మారాయి, రెండూ హెచ్ఏని గట్టిపరిచేవే. వేర్వేరు ఖండాల్లో, వేర్వేరు పద్ధతుల్లో, వేర్వేరు హెచ్5ఎన్1లతో మొదలుపెట్టినా హెచ్ఏ పాఠం మాత్రం ఒక్కటే. ముక్కల మార్పిడి వల్ల ఈ లెక్కలో ఆదా అయింది పీబీ2లోని ఒక్క మార్పే. అదేమో వైరస్ ఎటూ సులువుగా చేసుకోగలిగిన పని!

అంటే రెండో దారి దండగని కాదు. నిజ జీవితంలో తయారుగా ఉన్న ఏడు ముక్కలు ఇచ్చే బలం ఫెర్రెట్ పంజరాల్లో కనిపించేదానికంటే ఎక్కువే. కానీ కీలకమైన పని దాని వల్ల తగ్గదు.

ఏ జంతువులో ఏ దారి

పంది పేరు చెప్పగానే రెండో దారి గుర్తొస్తుంది. దాని శ్వాసనాళంలో రెండు రకాల ముడులూ ఉంటాయి, పక్షి ఫ్లూ, మనిషి ఫ్లూ రెండూ సోకుతాయి. జర్మన్ వైరాలజిస్ట్ క్రిస్టఫ్ షోల్టిసెక్ 1980లలోనే పందిని వేర్వేరు ఫ్లూలు కలిసే గిన్నె (మిక్సింగ్ వెసెల్) అన్నారు, 2009లో అది నిజమైంది. 2024 అక్టోబరులో అమెరికాలోని ఆరెగన్‌లో పందికి హెచ్5ఎన్1 సోకిందన్న వార్త నాకు ఆవుల వార్త కంటే ఎక్కువ గుబులు పుట్టించింది. అదృష్టవశాత్తు అది ఒక చిన్న పెరటి ఫారం దాటి వెళ్లలేదు.

మింక్, సీల్‌లు ఇప్పటిదాకా ఎక్కువగా మొదటి దారికే మైదానాలయ్యాయి. వేల జంతువులు ఒకేచోట కిక్కిరిసి ఉంటే ఒకదాన్నుంచి ఇంకోదానికి పాకే గొలుసు దానంతటదే ఏర్పడుతుంది.

ఆవు సంగతి వేరు. 2024 మార్చిలో టెక్సస్, కాన్సస్‌లలో బయటపడి తర్వాత వెయ్యికి పైగా మందలకు పాకినా, ఆ వైరస్ హెచ్ఏ పెద్దగా మారలేదు. పొదుగులో ఆల్ఫా 2,3 పుష్కలంగా ఉంది, వ్యాప్తికి పాలు, పాలు పితికే యంత్రాలు ఉన్నాయి. హాయిగా సాగిపోతున్నప్పుడు హెచ్ఏ మారాల్సిన అవసరమేముంది? పీబీ2 మీద మాత్రం ఒత్తిడి ఉంది, అది మారింది. సోకిన పనివాళ్లలో ఎక్కువమందికి కళ్లు ఎర్రబడటంతో సరిపోవడానికీ కారణం ఇలాంటిదే, మన కంటి పొరలో ఆల్ఫా 2,3 ఉంది.

అయితే ఆవుల విషయంలో నిశ్చింతగా ఉండనివ్వని సంగతి ఒకటుంది. ఆ వైరస్ హెచ్ఏలో 226 ఒక్కటి మారితే చాలు, అది మనిషి తరహా చక్కెర వైపు మళ్లుతుందని 2024 డిసెంబరులో అమెరికాలోని స్క్రిప్స్ రిసెర్చ్ శాస్త్రవేత్తలు చూపించారు. పాత హెచ్5లకి ఇంకా మార్పులు కావాల్సొచ్చేవి. వాళ్లు పరీక్షించింది ప్రొటీన్‌నే, పూర్తి వైరస్‌ని కాదు. గాలిలో పాకడానికి గట్టిదనం వగైరా ఇంకా కావాలి. అయినా పీటముడి కాస్త వదులైందనే చెప్పాలి. అంతకు కొద్ది వారాల ముందే కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో తీవ్రంగా జబ్బుపడిన ఒక టీనేజర్ నమూనాల్లో 627 మార్పుతో పాటు, హెచ్ఏలో 190, 226 స్థానాల్లో మిశ్రమ అక్షరాలు (కొన్ని కాపీల్లో పాతవి, కొన్నింట్లో మారినవి) కనిపించాయి. ఆ వైరస్ ఇంకెవరికీ పాకలేదు.

మరి ఏది మేలు

ఒక జంతువులో బాగా పెరగడమే వైరస్ పని అయితే మొదటి దారి చాలు, చవక, రోజుల పని. భూమంతా చుట్టాలంటే రెండో దారి మేలు, ఎందుకంటే హెచ్ఏ మార్పులకి పట్టే కాలమంతా ఆ వైరస్‌ని మనుషుల్లో బతికించి ఉంచేది తయారుగా వచ్చిన మిగతా ముక్కలే. నిజానికి వైరస్ ఈ రెండింటినీ విడదీసి చూడదు. అమెరికా ఆవుల్లోకి వచ్చిన రకం కూడా ముందు అక్కడి అడవి పక్షుల వైరస్‌లతో కొన్ని ముక్కలు మార్చుకుంది, ఆవుల్లోకి వచ్చాక పీబీ2ని దిద్దుకుంది.

ఈ లెక్క ప్రకారం వార్తల్లో 627, 701, 591 అన్న అంకెలు చూస్తే నేను తేదీ, జంతువు పేరు గమనించి ఊరుకుంటాను. 226 లేదా 190 కనిపిస్తే, అదీ ఒకటికి మించిన రోగుల్లో కనిపిస్తే, పూర్తిగా చదువుతాను. హెచ్5 హెచ్ఏతో పాటు మనిషి ఫ్లూ ముక్కలున్న వైరస్ పందిలోనో మనిషిలోనో దొరికిందన్న వార్త వస్తే, దానిలో ఏ మ్యుటేషన్ లేకపోయినా అది పెద్ద వార్తే.

అడ్డుకునే పద్ధతుల్లోనూ ఈ తేడా ఉంది. 2024లో అమెరికాలో ఫారం పనివాళ్లకి మామూలు సీజనల్ ఫ్లూ టీకా వేయించే కార్యక్రమం పెట్టారు. ఆ టీకా హెచ్5ఎన్1ని ఆపదు. ఒకే మనిషిలో రెండు ఫ్లూలు కలిసే అవకాశాన్ని తగ్గిస్తుంది, అంటే రెండో దారికి మాత్రమే అడ్డు. మొదటి దారికి టీకాతో పనిలేని అడ్డుకట్టలు కావాలి. పాలు కాచడం, మింక్ ఫారాల్లోకి అడవి పక్షులు రాకుండా వలలు కట్టడం, సోకిన మందను త్వరగా వేరుచేయడం, ఏం చేసినా వైరస్ ఒక క్షీరదం నుంచి ఇంకో క్షీరదానికి దాటే సందర్భాలను తగ్గించాలి.